బడి కమిటీ ఎన్నిక: ఓటర్ల జాబితా నుంచి తీర్మానాల పుస్తకం దాకా

రికార్డుల్లో దాని పేరు పాఠశాల యాజమాన్య కమిటీ. ఊళ్లో అందరూ పేరెంట్స్ కమిటీ అనే అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కమిటీలకు 2021 సెప్టెంబరులో ఒకసారి, 2024 ఆగస్టు 8న ఇంకోసారి ఎన్నికలు జరిగాయి. కృష్ణా డెల్టాలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మొదటిసారి ఓటరుగా, రెండోసారి సభ్యుడిగా ఉండి చూసినదీ చేసినదీ ఇక్కడ రాస్తున్నాను. 2024లో ఎన్నికైన కమిటీలకు రెండేళ్ల కాలం 2026 ఆగస్టుతో పూర్తవుతుంది. నిలబడదామనుకునే తల్లిదండ్రులు అంతకు రెండు నెలల ముందే, అంటే జూన్‌లో బడి తెరిచిన రోజునుంచే పని మొదలుపెట్టాలి. అయితే కాలం పూర్తవగానే ఎన్నిక వస్తుందని గట్టిగా నమ్ముకోకూడదు. 2021 కమిటీలకూ రెండేళ్లే అన్నారు, మళ్లీ ఎన్నిక పెట్టేసరికి దాదాపు మూడేళ్లయింది.

ఈ కమిటీ ఒకరు దయతో ఇచ్చింది కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ దీన్ని తప్పనిసరి చేసింది. ప్రభుత్వ బడులకూ, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడులకూ ఇది వర్తిస్తుంది. సాయం తీసుకోని ప్రైవేటు బడులకు వర్తించదు. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చేయాల్సిన పనులు కూడా ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి: బడి నడిచే తీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేసి పంపడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం. ఈ మూడో పని సంగతి చాలామంది సభ్యులకు ఎవరూ చెప్పరు. అందుకే మొదటే చెబుతున్నాను.

మన రాష్ట్రంలో లెక్క తరగతికి ముగ్గురు. ఐదో తరగతి దాకా ఉన్న బడికి 15 మంది, ఎనిమిది దాకా ఉంటే 24 మంది. ఏ తరగతి సభ్యుల్ని ఆ తరగతి పిల్లల తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. ఒకరు ఎస్సీ, ఎస్టీ, అనాథ పిల్లలు, వలస కుటుంబాల పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు వంటి ప్రతికూల పరిస్థితుల్లోని వర్గం తరఫున రావాలి. ఇంకొకరు బీసీ, మైనారిటీ, ఆదాయ పరిమితి లోపలి ఓసీ కుటుంబాలతో కూడిన బలహీన వర్గం తరఫున రావాలి. తరగతిలో ఆరుగురి కంటే తక్కువ పిల్లలుంటే దాన్ని పక్క తరగతితో కలిపేస్తారు. చిన్న బడుల్లో దీని ప్రభావం పెద్దది. ఒకటో తరగతిలో నలుగురే ఉంటే రెండుతో కలిపి మొత్తం ముగ్గురే వస్తారు, కమిటీ 15 నుంచి 12కు తగ్గుతుంది. అప్పుడు చిన్న పిల్లల తల్లులకే గొంతు తగ్గిపోతుంది.

అసలు ఎన్నిక ఓటర్ల జాబితా దగ్గరే సగం తేలిపోతుంది. 2024లో నోటిఫికేషన్‌కూ ఓటింగుకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క వారం. జాబితా అతికించడం, అభ్యంతరాలు తీసుకోవడం, తుది జాబితా పెట్టడం, అన్నీ ఆ వారంలోనే. ఎన్నిక రోజున వచ్చి ‘నా పేరేది?’ అని అడిగితే హెడ్మాస్టరు గారు చేయగలిగింది ఏమీ ఉండదు. కాబట్టి జాబితా గోడకెక్కిన రోజే వెళ్లి మీ తరగతి పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రాత్రికి ఇంట్లో కూర్చుని, తరగతిలో ఏ పిల్ల ఎవరి పిల్లో తెలిసిన ఇద్దరు తల్లుల్ని పక్కన పెట్టుకుని, ఒక్కో పేరూ చదవండి. మాకు నాలుగు రకాల తప్పులు కనిపించాయి. అవే తప్పులు పక్క ఊళ్ల జాబితాల్లోనూ ఉన్నాయి.

మొదటిది అమ్మమ్మల దగ్గరా నాయనమ్మల దగ్గరా పెరుగుతున్న పిల్లలది. అమ్మానాన్నలు హైదరాబాదులో కట్టుబడి పనికో, కువైట్‌కో వెళ్లి ఉంటారు. అడ్మిషన్ రిజిస్టరులో ఉండేది వాళ్ల పేర్లే. రోజూ బడికి దిగబెట్టే అమ్మమ్మ పేరు సంరక్షకురాలి గడిలో రాయించకపోతే ఆవిడకు ఓటుండదు, ఓటున్న వాళ్లు ఊళ్లో ఉండరు. పిల్ల పేరు, తరగతి, అడ్మిషన్ నంబరు, సంరక్షకురాలి పేరు, ఆధార్ నకలుతో హెడ్మాస్టరుకు తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోవాలి. ఈ పని జూన్‌లోనే చేస్తే ఐదు నిమిషాలు. ఆగస్టులో ఆ వారంలో చేయబోతే ఆన్‌లైన్ తెరుచుకోలేదని, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి అనుమతి రావాలని రోజులు గడిచిపోతాయి.

రెండోది ప్రైవేటు బడి నుంచి కొత్తగా చేరిన పిల్లలది. పాత బడిలో ఫీజు బకాయి ఉండి ఆన్‌లైన్‌లో వివరాలు బదిలీ కాకపోతే, పిల్లవాడు మన తరగతిలో కూర్చుని మన అన్నమే తింటున్నా జాబితాలో పేరుండదు. మూడోది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు తరగతుల్లో ఉన్న ఇళ్లది. తరగతి సభ్యుల్ని ఆ తరగతి తల్లిదండ్రులు ఎన్నుకోవాలన్నదే నియమం కనుక ఆ ఇంటివాళ్ల పేరు రెండు తరగతుల జాబితాల్లోనూ ఉండాలి. రాసేవాళ్లు ఒకచోట రాసి రెండోచోట వదిలేస్తారు. ఇక తల్లి ఓటా, తండ్రి ఓటా అన్న గొడవ ప్రతిసారీ వస్తుంది. దానికి ఆ ఏడాది ఉత్తర్వులో ఉన్న వాక్యమే జవాబు. ఉత్తర్వు నకలును జాబితా పక్కనే నోటీసు బోర్డులో పెట్టమని ముందే అడిగితే ఎన్నికనాడు అరుపులు ఉండవు.

నాలుగో తప్పు కోరాన్ని, అంటే ఎన్నిక చెల్లడానికి రావాల్సిన కనీస హాజరును దెబ్బతీస్తుంది. గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతిలో మొదలవుతుంది. మన దగ్గర నాలుగు పూర్తిచేసి ఐదుకు వచ్చిన పిల్లల్లో కొందరికి సీటొచ్చి వెళ్లిపోతారు, పేర్లు మాత్రం రిజిస్టరులో మిగిలిపోతాయి. జాబితాలో 14 మంది ఉంటే సగం, అంటే ఏడుగురు రావాలి. వెళ్లిన ముగ్గుర్ని తీసేస్తే 11 మంది, ఆరుగురు వస్తే సరిపోతుంది. తల్లిదండ్రుల్లో సగం మంది హాజరు కాకపోతే ఆ తరగతి ఎన్నిక వాయిదా. ఒక్కరు తక్కువై వాయిదా పడిన తరగతిని చూశాక ఈ లెక్క ఎంత ముఖ్యమో మాకు అర్థమైంది. లేని పేర్లు తీయించడం, ఉన్న పేర్లు చేర్పించడమంత అవసరం.

జనాన్ని బడికి రప్పించడం తర్వాతి పని. 2024 ఆగస్టు 8 గురువారం. డెల్టాలో అవి నాట్ల రోజులు, పైగా మర్నాడు మొదటి శ్రావణ శుక్రవారం. నాట్ల ముఠా తెల్లవారకముందే కదులుతుంది. ఒకరు రాకపోతే ఆ గట్టున వరుస తెగుతుంది కాబట్టి మేస్త్రి ఒప్పుకోడు, రోజు కూలి పోతుంది. బడి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి ‘అందరికీ చెప్పాం’ అంటే సరిపోదు. చాలా ఇళ్లలో ఆ నంబరున్న ఫోను మగవాళ్ల జేబులో ఉంటుంది, సభ్యుల్లో మూడింట రెండొంతులు కావాల్సింది ఆడవాళ్లు. మేం రెండు పనులు చేశాం. రెండు రోజుల ముందు ముఠా మేస్త్రుల ఇళ్లకు వెళ్లి, ఆ రోజుకు ఒంటిపూట పని మధ్యాహ్నం పెట్టుకోమని అడిగాం. నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు, వాళ్ల పిల్లలూ అదే బడిలో ఉన్నారు మరి. తర్వాత హెడ్మాస్టరు గారితో మాట్లాడి ఒక్కో తరగతికి ఒక్కో అరగంట సమయం రాయించి, పొద్దున్నే పొలం వెళ్లే ఇళ్లు ఎక్కువున్న తరగతిని మొదట పెట్టించాం. పొద్దున్నుంచి అందర్నీ ఒకేసారి కూర్చోబెడితే పదకొండుకల్లా సగం మంది వెళ్లిపోతారు, చివరి తరగతులకు కోరం ఉండదు. డ్వాక్రా సంఘం వారపు సమావేశంలో ఈ మాట చెప్పించడం అన్నిటికంటే బాగా పనిచేసింది. ఊళ్లో చాటింపు వేయిస్తే ఇంకా మంచిది, కానీ చాటింపులో సమయం తరగతుల వారీగా చెప్పాలి.

గదిలోకి రాగానే హాజరు పట్టికలో సంతకమో వేలిముద్రో వేయించాలి. కోరం లెక్క ఆ పట్టికతోనే. ఏకగ్రీవం గురించి ఒక మాట. తరగతి గదిలో, పిల్లల తల్లులందరి ముందు మాట్లాడుకుని ముగ్గురి పేర్లు ఒప్పుకుంటే అది మంచిదే, గంట సమయం మిగులుతుంది. ముందురోజు సాయంత్రం ఎవరి అరుగు మీదో పేర్లు తేల్చి, పట్టికను ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకుంటే మాత్రం అది ఎన్నికే కాదు. పార్టీల మనుషులు ఈ కమిటీని కూడా తమ లెక్కలో వేసుకోవడం వల్ల ఈ అలవాటు ముదిరింది. సంతకాల పట్టిక బడి దాటి బయటికి పోకూడదని హెడ్మాస్టరు గారికి ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచాలి. ఆయనకు కూడా అది అండగా ఉంటుంది, ఊరి పెద్దలు పట్టిక అడిగితే ఆ కాగితం చూపించగలడు.

పోటీ ఉంటే మామూలుగా చేతులెత్తించి లెక్కిస్తారు. పల్లెలో చేతులెత్తడం అంత తేలిక కాదు. తన పొలంలో రోజూ పని ఇచ్చే రైతు భార్య పోటీలో ఉంటే, ఆవిడ ఎదురుగా ఇంకొకరికి చెయ్యెత్తగల కూలితల్లి ఎంతమంది ఉంటారు? అందుకే రహస్య ఓటు కావాలని ముందురోజే నలుగురైదుగురు తల్లిదండ్రులు సంతకాలు చేసి అడగాలి. ఏర్పాటు పెద్ద కష్టం కాదు. తరగతిలో 25 మంది ఓటర్లుంటే 25 చీటీలు. ప్రతి చీటీ వెనక బడి ముద్ర, హెడ్మాస్టరు పొట్టి సంతకం ఉండాలి. చదువు రానివాళ్ల కోసం బోర్డు మీద అభ్యర్థి పేరు పక్కన ఒక బొమ్మ: పలక, గంట, బంతి, గొడుగు, చెట్టు. చీటీ మీద కూడా అవే బొమ్మలు, నచ్చిన బొమ్మ పక్కన టిక్కు. గది మూలన రెండు బెంచీలు నిలబెట్టి దుప్పటి కడితే చాటు తయారు. అట్టపెట్టెకు పైన చీలిక కోసి, అందరికీ ఖాళీగా చూపించి, అంటించి టేబుల్ మీద పెట్టాలి. లెక్క కూడా అక్కడే, అందరి ముందే. ఫలితం రాసిన కాగితం మీద ఓడినవాళ్ల సంతకాలు తీసుకోవడం మర్చిపోకూడదు. తర్వాత పైకి ఫిర్యాదు వెళితే నిలిచేది ఆ సంతకమే. ఒక తరగతికి మాకు 25 నిమిషాలు పట్టింది.

చిక్కు వచ్చేది రిజర్వేషన్ల లెక్కలో. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు ప్రతికూల వర్గం, ఒకరు బలహీన వర్గం అన్న షరతులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఉదాహరణకు ఎక్కువ ఓట్లు ఒక ఎస్సీ తండ్రికి, తర్వాత ఒక బీసీ తండ్రికి, తర్వాత ఇద్దరు తల్లులకు వచ్చాయనుకోండి. ఇద్దరు ఆడవాళ్లు ఉండి తీరాలి కాబట్టి ఆ ఇద్దరు తండ్రుల్లో ఒకరే నిలుస్తారు. మొదటి తండ్రి నిలిస్తే, మిగిలిన ఇద్దరూ తల్లులే అవ్వాలి, వాళ్లలో ఒకరైనా బలహీన వర్గం నుంచి ఉండాలి. ఈ సంగతి ఓట్లు లెక్కపెట్టాక చెబితే ‘నాకు ఎక్కువ ఓట్లొచ్చాయి కదా’ అని రెండో తండ్రి లేస్తాడు, గొడవ మొదలవుతుంది. మేం చేసిన పద్ధతి ఇది: ఓటింగుకు ముందే స్థానాల వరుసను బోర్డు మీద రాశాం. ముందు ప్రతికూల వర్గం స్థానం, తర్వాత బలహీన వర్గం స్థానం, ఆఖరున మిగిలిన స్థానం. మొదటి స్థానం మగవారికి పోతే తర్వాతి రెండూ ఆడవాళ్లకే అన్న వాక్యం కింద రాసి, చదివి వినిపించి, అభ్యర్థుల చేత ఊ కొట్టించాం. అర్హులైన అభ్యర్థి ఒక్కరే ఉన్న స్థానానికి ఓటింగు అక్కర్లేదు.

సభ్యులు తేలాక అదే రోజు మధ్యాహ్నం చైర్మన్, వైస్ చైర్మన్ ఎన్నిక. ఎన్నికైన తల్లిదండ్రులే తమలోంచి ఎన్నుకోవాలి. ఇద్దరిలో కనీసం ఒకరు ఆడవాళ్లు, కనీసం ఒకరు ప్రతికూల లేదా బలహీన వర్గం నుంచి ఉండాలి. ఇక్కడ చాలా బళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఐదో తరగతి తల్లిదండ్రులకు బడి బాగా తెలుసు కదా అని వాళ్లలోంచే చైర్మన్‌ను పెడతారు. పిల్లవాడు బడి వదిలితే సభ్యత్వం పోతుంది. 2024 ఆగస్టులో ఐదో తరగతి తరఫున గెలిచినవాళ్లు 2025 జూన్‌కల్లా కమిటీలో లేరు. నాలుగో తరగతి వాళ్లు రెండేళ్లకు రెండు నెలల ముందు దిగిపోతారు. ప్రాథమిక బడిలో రెండేళ్లూ పూర్తిగా ఉండగలిగేది ఒకటి, రెండు, మూడు తరగతుల తల్లిదండ్రులే. చైర్మన్‌నూ వైస్ చైర్మన్‌నూ ఆ తరగతుల నుంచే ఎంచుకోండి. ఖాళీ అయిన స్థానాలు నింపమని ప్రతి జూలైలో తీర్మానం రాసి అడగాలి. అడగకపోతే అవి ఖాళీగానే ఉంటాయి, కోరం కూడా ఎప్పటికప్పుడు కష్టమవుతుంది.

ఎన్నికైనవాళ్లు కాక హోదా వల్ల సభ్యులయ్యేవాళ్లున్నారు: హెడ్మాస్టరు (మెంబర్ కన్వీనర్ ఆయనే), ఇంకో టీచరు, వార్డు మెంబరు, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు. ఇద్దర్ని బయటినుంచి కలుపుకోవచ్చు. దాతల్ని, పూర్వ విద్యార్థుల్ని తీసుకుంటారు. మా అభిప్రాయం ఏమిటంటే ఆ రెంటిలో ఒకటి లెక్కలు చదవగలిగే మనిషికి ఇవ్వాలి. ఊళ్లో రిటైరైన బ్యాంకు ఉద్యోగో, పోస్టుమాస్టరో ఉంటే అంతకంటే ఏం కావాలి! తెలంగాణలో పద్ధతి కొంత వేరు. అక్కడ 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్మాస్టరు మెంబర్ కన్వీనర్. అక్కడి తల్లులు జాబితా కన్నా సమాఖ్య సమావేశం మీద దృష్టి పెట్టాలి.

మొదటి సమావేశం ప్రమాణం అయిన వెంటనే పెడతారు. అందరూ అలసిపోయి ఉంటారు. శాలువా, ఫొటో, స్వీటు, సంతకం. ఆ సంతకమే జాగ్రత్తగా చేయాలి. తీర్మానాల పుస్తకంలో పైన ఖాళీ వదిలి కింద సంతకాలు పెట్టమంటే పెట్టకూడదు. ‘తర్వాత రాసుకుంటాం’ అనే మాటలో దురుద్దేశం ఉండకపోవచ్చు, హెడ్మాస్టరుకు ఆ వారంలో పది రకాల ఆన్‌లైన్ పనులుంటాయి. కానీ ఆ ఖాళీలో ఏం చేరినా ఒప్పుకున్నది మీరే అవుతారు. పుస్తకంలో పేజీలకు నంబర్లు వేయించండి. తీర్మానం పూర్తయిన చోట గీత కొట్టి, దాని కిందనే, చోటు వదలకుండా సంతకాలు చేయండి. లేవబోయే ముందు ఆ పేజీ ఫొటో తీసుకోండి. ఒప్పుకోని సభ్యురాలు ఉంటే ఆవిడ పేరుతో సహా ‘ఒప్పుకోలేదు’ అని రాయించాలి. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో నెలకు ఒక సమావేశమైనా జరగాలని, చర్చలూ నిర్ణయాలూ సరిగా రాసి ప్రజలకు అందుబాటులో ఉంచాలని ఉంది. పుస్తకం చూపించమంటే కోపం తెచ్చుకోవడానికి ఎవరికీ కారణం లేదు.

తీర్మానం రాసే తీరు నేర్చుకోవాలి. ‘మరుగుదొడ్లు బాగుచేయించాలని తీర్మానించడమైనది’ అని రాస్తే ఏడాది తర్వాతా అలాగే ఉంటుంది, ఎవరినీ అడగడానికి వీలుండదు. మేం రాయించిన పద్ధతి: ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు గడియలు 2, కుళాయి 1, పగిలిన బకెట్లకు బదులు కొత్తవి 2, కాంపోజిట్ గ్రాంటు నుంచి, ఈ నెల 20వ తేదీలోపు, పని చూసి బిల్లు మీద సంతకం చేయాల్సింది రెండో తరగతి సభ్యురాలు. ఏమిటి, ఎంత, ఏ డబ్బు, ఎప్పటికి, ఎవరు అన్న ఐదూ ఉంటే తర్వాతి సమావేశంలో మొదటి ప్రశ్న దానంతట అదే తయారవుతుంది. గడియ లేని మరుగుదొడ్డికి ఆడపిల్లలు వెళ్లరు, నీళ్లు తాగడం మానేస్తారు. అందుకే మా మొదటి తీర్మానం దాని మీదే.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటుకు పిల్లల సంఖ్యే కొలత. 30 మంది దాకా రూ. 10,000, ఆ పైన 100 దాకా రూ. 25,000, 250 దాకా రూ. 50,000, 1,000 దాకా రూ. 75,000, ఆపైన రూ. 1,00,000. ఇందులో కనీసం పదో వంతు శుభ్రతకు ఖర్చుపెట్టాలి. 31 మంది ఉన్న బడిలో ఒక్క పిల్ల తగ్గితే గ్రాంటు 25 వేల నుంచి 10 వేలకు పడిపోతుంది. ఈ మొత్తంలోంచే రిజిస్టర్లు, సుద్దముక్కలు, చిన్న మరమ్మతులు, కరెంటు ఖర్చులు తీరాలి. ఇప్పుడు చెల్లింపులు పీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల పద్ధతి ద్వారా సరుకు అమ్మినవాళ్ల ఖాతాకే పోతాయి కాబట్టి, బిల్లివ్వలేని, ఖాతా లేని ఊరి మేస్త్రితో పని చేయిస్తే డబ్బు ఇవ్వడం కష్టం. పని ఒప్పుకునే ముందే ఖాతా వివరాలు అడగాలి. ఇంకో చిక్కు నెలల లెక్కది. గ్రాంటు ఆలస్యంగా పడుతుంది, ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, మిగిలింది వెనక్కి పోయే ప్రమాదం ఉంది. మార్చిలో హడావుడిగా కొన్న సరుకు బీరువాలో పడి ఉంటుంది. నవంబరులోనే కొనాల్సిన వాటి జాబితా తీర్మానంగా ఉంటే డబ్బు పడిన వారంలో పని మొదలవుతుంది. సమావేశంలో నగదు పుస్తకం, స్టాకు రిజిస్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఖర్చు రాసిన వస్తువు రెండోదాంట్లో లేకపోతే అడగండి. చాలాసార్లు అది రాయడం మర్చిపోవడమే. అడిగితే రాస్తారు, అంతే.

మధ్యాహ్న భోజనం మీదే తల్లిదండ్రుల మాటలు ఎక్కువ. ఇప్పుడు దాని పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. ఫిర్యాదు చేసే ముందు కొలత తెలిసి ఉండాలి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పిల్లకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30, 75, ఏడున్నర. 60 మంది హాజరైన రోజున మన బడిలో బియ్యం 6 కిలోలు, పప్పు కిలో 200, కూరగాయలు 3 కిలోలు, నూనె 300 గ్రాములు పొయ్యెక్కాలి. బడిలో తూకం లేకపోతే వేలాడదీసే స్ప్రింగు తూకం ఒకటి కొనాలి, దానికి తీర్మానం రాయవచ్చు. వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు, వాళ్లలో ఒక టీచరు, రుచి చూడాలని 2015 నాటి నిబంధనల్లో ఉంది. మేం నెలకు ఒక్కో తరగతి సభ్యులకు ఒక్కో వారం కేటాయించుకుని, రుచి రిజిస్టరులో సమయంతో సహా సంతకం చేసేవాళ్లం. పప్పు నీళ్లగా ఉన్న రోజున వంటమ్మ మీద అరవడం తప్పు. చాలాసార్లు అసలు కారణం ఆవిడకు బిల్లు నెలల తరబడి రాకపోవడం, కిరాణా కొట్టువాడు అప్పు ఆపేయడం. అప్పుడు కమిటీ చేయాల్సింది బకాయి ఎన్ని నెలలది, ఎంత అన్నది రాసి ఎంఈఓకు తీర్మానం పంపడం. వరుసగా మూడు బడిరోజులో, నెలలో ఐదు రోజులో అన్నం పెట్టకపోతే బాధ్యులెవరో తేల్చి చర్య తీసుకోవాలని ఆ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి అన్నం లేని రోజుల తేదీలు రాసిపెట్టుకోవాలి.

టీచర్ల సంగతికి వస్తే, విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రాథమిక బడికి 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా ఐదుగురు అని ఉంది. 59 మంది ఉన్న బడిలో కమిటీ జూన్‌లో ఇంటింటికీ తిరిగి ఇద్దరు పిల్లల్ని చేర్పిస్తే ఈ లెక్కన ఇంకో టీచరును అడగొచ్చు. తరగతికి టీచరు లేడని పిల్లల్ని ప్రైవేటుకు పంపుతారు, పిల్లలు తగ్గారని టీచరును తీసేస్తారు. ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుపోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చాలా బాధగా ఉండేది.

బడి కలిపివేతల తీర్మానం వీటన్నిటికంటే బరువైనది. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు తరలించినప్పుడూ, 2025లో మోడల్ ప్రైమరీ స్కూళ్ల కోసం తరగతులు మార్చినప్పుడూ తల్లిదండ్రులు ఊరూరా ఇదే మాట్లాడుకున్నారు. కమిటీ తీర్మానం అడిగితే ముందే టైపు చేసిన కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. మూడు రోజులు గడువు తీసుకోండి. ఇష్టమైనా అయిష్టమైనా కారణాలు కొలతలతో రాయండి: కొత్త బడికి పిల్లలు నడిచే దారి ఎంత దూరం (బండి మీద రోడ్డు దూరం కాదు), మధ్యలో కాలువ వంతెన, హైవే దాటడం, వానాకాలంలో మునిగే కల్వర్టు ఉన్నాయా, ఆ తరగతుల్లో ఎంతమంది పిల్లలు, వాళ్లలో ఆడపిల్లలు ఎంతమంది, ఆటో పెడితే నెలకు ఒక్కో ఇంటికి ఎంత. ప్రాథమిక బడి కిలోమీటరు లోపల నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలన్న నిబంధనను అందులోనే ఉటంకించండి. మోడల్ స్కూల్లో తరగతికో టీచరు ఉండటం నిజంగా మంచిదే, దూరం తక్కువైతే మేమూ ఒప్పుకునేవాళ్లం. అందుకే ఆ తీర్మానంలో రెండు పక్కలా రాయాలి, అప్పుడే ఆఫీసులో చదివేవాళ్లు దాన్ని లెక్కచేస్తారు.

తీర్మానం పంపేటప్పుడే రెండో ప్రతి మీద ఎంఈఓ ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. నెలకూ జవాబు రాకపోతే డీఈఓకు (జిల్లా విద్యాధికారికి), ఆ తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్ఎస్‌లో ఇచ్చి నంబరు తీసుకోవచ్చు. ముద్ర లేని కాగితం పట్టుకుని వెళితే మళ్లీ మొదటినుంచి రమ్మంటారు.

మూడేళ్ల పాఠశాల అభివృద్ధి ప్రణాళికను ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందు, అంటే డిసెంబరు ఆఖరుకల్లా సిద్ధం చేయాలి. అందులో ఏడాదికొక ఉపప్రణాళిక చొప్పున తరగతుల వారీగా రాబోయే పిల్లల సంఖ్య, కావాల్సిన టీచర్లు, గదులు, సామాను, డబ్బు అంచనా ఉండాలి. రాబోయే పిల్లల సంఖ్యకు అంగన్‌వాడీ కార్యకర్త దగ్గరున్న లెక్కే ఆధారం. ఆవిడ కమిటీలోనే ఉన్నారు, అడిగితే చాలు. పోయినేటి కాగితంలో సంవత్సరం మార్చి పంపడం చాలాచోట్ల జరుగుతోంది, దాన్ని ఒప్పుకోవద్దు.

కమిటీ కాలం ముగిసే నెలలో పాత సభ్యులు ఒక పేజీ రాసి పెట్టాలి: పూర్తికాని తీర్మానాల నంబర్లు, తేదీలు, ఏ ఆఫీసులో ఏ కాగితం ఆగింది, ముద్ర ఉన్న ప్రతి ఎవరి దగ్గరుంది, వంట బిల్లుల బకాయి ఎంత, కాంపోజిట్ గ్రాంటులో మిగిలింది ఎంత. దాన్ని తీర్మానాల పుస్తకం ఆఖరి పేజీలో అంటించి, కొత్త చైర్మన్ ప్రమాణం చేసిన రోజున పుస్తకంతో పాటు చేతికివ్వాలి.